నల్లబారిన కడప బండల గచ్చును తక్కువ ఖర్చుతో వెలుతురుగా మార్చుకోవడం ఎలా?

ప్రశ్న: పాతమిద్దె

అందరికీ నమస్కారం. జమ్మలమడుగు దగ్గరి మా ఊళ్లో తాతగారు కట్టించిన మిద్దె ఇల్లు ఉంది. హాలు 14 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు. దాని వెనుక నట్టిల్లు 10 అడుగులకు 12 అడుగులు. రెండింటిలోనూ అడుగున్నర, రెండడుగుల కొలతల కడప బండలు పరిచి ఉన్నాయి. ఇన్నేళ్లలో ఒక్క బండ కూడా పగలలేదు గానీ, గచ్చు మాత్రం నల్లగా, జిడ్డు పట్టినట్టుగా తయారైంది. పండుగ వచ్చినప్పుడల్లా నాయనమ్మ గుడ్డను కొబ్బరినూనెలో తడిపి బండలకు రుద్దించేవారు. ఆమె తర్వాత అమ్మ కూడా చాలా కాలం అదే చేసింది. బండల మధ్య సందుల్లో సున్నం ఎప్పుడో రాలిపోయి, ఇప్పుడు అక్కడ మట్టి, చీమలు తప్ప మరేమీ లేవు.

అమ్మ వయసు 68. రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది. మొన్న సంక్రాంతికి చెంబులోంచి ఒలికిన నీళ్లు ఆ నల్ల గచ్చు మీద కనపడక జారిపడి మణికట్టు విరిగింది. అప్పటి నుండి గచ్చు మార్పించాలని నాకు పట్టుదలగా ఉంది. టైల్స్ వేసే ఆయన వచ్చి చూసి, బండలు పెకలించి, మట్టి ఎత్తించి, కొత్తగా వేయడానికి అన్నీ కలిపి 80,000 రూపాయలవుతుందని చెప్పారు. నా దగ్గర ఉన్నది 30,000. అందుకే బండలు తీయకుండా వాటి మీదనే ఎపాక్సీ పెయింటు (ఆరాక గట్టి ప్లాస్టిక్ పొరలా మారే రంగు) వేయించడమా, వినైల్ అనే ప్లాస్టిక్ షీట్ అతికించడమా, బండల మీదనే టైల్స్ వేయించడమా అని ఆలోచిస్తున్నాను. పనికి వస్తుందేమోనని మరో రెండు సంగతులు చెబుతాను. గోడలకు కింది నుండి నాలుగడుగుల ఎత్తు వరకు ముదురు ఆకుపచ్చ ఆయిల్ పెయింటు ఉంది. నట్టింట్లో మిద్దె మీద ఉండే గవాక్షం వానకు కారుతోందని పదేళ్ల కిందట బండ వేసి మూసేశాము. ఈ మూడు దారుల్లో ఏది మంచిదో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు: బండలపని

పాతమిద్దె గారూ, మీరు అడిగిన మూడింటిలో ఏదీ వద్దు. నేను కడపలో పాత ఇళ్ల మరమ్మతు పనులు దగ్గరుండి చేయిస్తుంటాను. మీరు వర్ణించిన గచ్చును చూడకుండానే ఒక మాట చెప్పగలను: మీ బండల అసలు రంగు మీరు ఇప్పుడు చూస్తున్న నలుపు కాకపోవచ్చు. బీరువా కిందనో, ధాన్యం గాదె కిందనో నూనె ఎన్నడూ తగలని బండ ఒకటి తప్పకుండా ఉంటుంది. దాన్ని తడిగుడ్డతో తుడిచి, ఆరిన తర్వాత చూడండి. అది ముదురు బూడిద రంగులోనో, కొంచెం నీలం కలిసిన బూడిద రంగులోనో కనిపిస్తే, మిగిలిన బండల నలుపులో చాలా భాగం నూనెదీ, దానికి పట్టిన దుమ్ముదీ అన్నమాట.

ముందుగా ఈ రాయి సంగతి తెలుసుకోవాలి. కడప బండ గ్రానైటు కాదు, సున్నపురాయి. ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు నిలబడింది కూడా సున్నపురాయి మీదనే. ఒక మూల నిమ్మరసం రెండు చుక్కలు వేసి వంగి చూస్తే సన్నని బుడగలు వస్తాయి. తుడిచాక అక్కడ తెల్లటి మచ్చ మిగులుతుంది. చింతపండు పులుసు ఒలికినా అదే జరుగుతుంది. కాబట్టి బాత్రూములు కడిగే యాసిడ్‌తో గచ్చు కడిగిస్తామని ఎవరన్నా అంటే గడప దాటనివ్వకండి. యాసిడ్ పోసిన రోజు బండ తెల్లబడిన మాట నిజమే గానీ, ఆ తెలుపు శుభ్రపడినందువల్ల వచ్చినది కాదు, రాయి పైపొర కరిగి గరుకు తేలినందువల్ల వచ్చినది. ఆ గరుకులోకి మురికి మునుపటికన్నా త్వరగా దిగుతుంది.

నూనె పోవడానికి చవకైన మందు వాషింగ్ సోడా. బకెట్ వేడినీళ్లలో రెండు గుప్పెళ్లు కలిపి, గచ్చు మీద పోసి, పావుగంట నాననిచ్చి, నైలాన్ బ్రష్షుతో రుద్ది, మంచినీళ్లతో రెండు సార్లు కడగాలి. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకోవాలి. ఇనుప పీచు మాత్రం వాడకూడదు, ఎందుకంటే దాని తునకలు సందుల్లో ఇరుక్కుని తుప్పు మరకలు పెడతాయి. మొదటి కడుగుకు వచ్చే నీళ్లు కాఫీ డికాక్షన్‌లాగా ఉంటాయి, కంగారు పడవద్దు. రెండు మూడు సార్లు కడిగినా వదలని మరకలకు, ముఖ్యంగా దీపారాధన చేసే చోట, ముగ్గుపిండిని సోడా నీళ్లతో ముద్దగా కలిపి అర అంగుళం మందాన పూసి, పైన పాలిథీన్ కవరు కప్పి ఒక రాత్రి ఉంచండి. మర్నాడు కవరు తీసి, ముద్దను పూర్తిగా ఆరనిచ్చి గీకేస్తే, ఆరేటప్పుడు అది పీల్చుకున్న నూనె మరక దానితోపాటే వస్తుంది.

ఇక పాలిష్ సంగతి. ఇక్కడే చాలామంది డబ్బు పెట్టి మరీ గచ్చును ఇంకా నల్లగా చేసుకుంటారు. మిషన్‌తో రాయిని అరగదీసేటప్పుడు 60 నంబరు గరుకు సానరాయితో మొదలుపెట్టి, 120, 220, 400 అంటూ సన్నబరుస్తూ పోతారు. సన్నబడే కొద్దీ మెరుపు వస్తుంది, మెరుపుతోపాటు నలుపూ వస్తుంది. బండను నీళ్లతో తడిపితే ఎంత నల్లగా కనిపిస్తుందో పూర్తి పాలిష్ చేసినా దాదాపు అంతే నల్లగా కనిపిస్తుంది. మీకు కావలసింది దానికి తలకిందులు కదా. అందుకని 220 దగ్గరే ఆపించండి. బండ మెత్తగా, నునుపుగా ఉంటుంది గానీ అద్దంలా మెరవదు. మీద పడిన వెలుతురును నలుదిక్కులా చెదరగొడుతుంది కనుక కంటికి లేత బూడిద రంగులో కనిపిస్తుంది, కాలికి కూడా పట్టు దొరుకుతుంది. పాలిష్ పనివారికి ఇలా మధ్యలో ఆపడం చిన్నతనంగా ఉంటుంది. వాళ్లు ఎంత బతిమాలినా, చివరి మెరుపు ఊరికే చేసిపెడతామన్నా ఒప్పుకోకండి.

పనిని ఈ వరుసలో చేయించాలి: ముందు కడుగు, తర్వాత ప్రతి బండనూ కర్రతో తట్టి చూసి, బోలుగా మోగినవాటిని లేపి మళ్లీ కూర్చోబెట్టడం, లేకపోతే మిషన్ బరువుకు అవి పగులుతాయి, ఆ తర్వాత సందులు గీకి నింపడం, వారం రోజులు తడిపి గట్టిపడనిచ్చాకే మిషన్ పెట్టడం. అరగదీసినప్పుడు వచ్చే బురదను కాలువలోకి వదిలితే పేరుకుని కాలువను మూసేస్తుంది, పెరట్లో గుంట తీసి పోయించండి. ఆఖరున సీలర్ (మరకలు ఇంకకుండా రాయికి పూసే ద్రవం) వేసేటట్లయితే, రాయిలోకి ఇంకి రంగు మార్చనిది కావాలని అడిగి తీసుకోండి. తడి మెరుపు ఇచ్చే రకం వేస్తే నాయనమ్మ గారి కొబ్బరినూనె మళ్లీ వేసినట్టే.

జవాబు: బేతంచెర్లవాసి

వినైల్ షీట్ గురించి నేను చెప్పాలి, ఎందుకంటే ఆ తప్పు నేను చేశాను. మాదీ నాపబండల ఇల్లే, కాకపోతే మావి ఇక్కడి గనులవే. చెక్క డిజైను ఉన్న షీట్ తెప్పించి, వేసవిలో గమ్ము పూసి అతికించాము. రెండు నెలలు ఇల్లు సినిమా సెట్టులా ఉంది. శ్రావణంలో నాలుగు రోజులు ముసురు పట్టేసరికి ఒక మూల షీట్ అప్పడంలా ఉబ్బింది. పట్టి లాగితే కింద గమ్ము పసుపుపచ్చగా సాగుతూ వచ్చింది, బూజు వాసన గుప్పుమంది, బండల సందుల వెంబడి తెల్లటి ఉప్పు పూసి ఉంది.

కారణం తర్వాత అర్థమైంది. పాత ఇళ్లలో గచ్చు కింద మట్టి, ఇసుక, మహా అయితే సున్నం తప్ప తేమను అడ్డుకునే పొర ఏదీ ఉండదు. నేలలోని చెమ్మ ప్రతి వానాకాలం పైకి వస్తుంది, బండల సందుల గుండా ఆరిపోతుంది, మనకు తెలియను కూడా తెలియదు. ప్లాస్టిక్ పరిచి ఆ దారి మూసేస్తే చెమ్మ కిందనే నిలిచిపోతుంది. ఎపాక్సీ పెయింటు వేసిన మా పక్కింటివారికి షీట్ ఉబ్బడం బదులు పొక్కులు లేచాయి, అంతే తేడా. గమ్ము గీకించడానికి నాకు అయిన కూలి షీట్ ధరకన్నా ఎక్కువ.

ఏది వేయదలచుకున్నా ముందు ఒక పరీక్ష చేయండి. రెండడుగుల చదరపు పాలిథీన్ కాగితాన్ని గచ్చు మీద పరిచి, నాలుగు వైపులా గాలి పోకుండా టేపు అంటించి, ఒక రోజంతా వదిలేయండి. తీసినప్పుడు కాగితం అడుగున నీటి బిందువులు ఉన్నా, ఆ మేరకు బండ నల్లబడి కనిపించినా, కింద చెమ్మ ఉన్నట్టే. ఎండాకాలంలో చేసిన పరీక్షను మాత్రం నమ్మవద్దు.

నేను ఇప్పుడు చాపలు, జంపఖానాలు పరుచుకుని కాలం గడుపుతున్నాను. వాటిని వారానికోసారి ఎత్తి ఎండలో వేస్తాము, గచ్చుకూ గాలి తగులుతుంది. మీకూ అదే మేలని నా అభిప్రాయం.

జవాబు: వెలుగునీడ

బేతంచెర్లవాసి గారి మిగతా మాటలన్నిటితో ఏకీభవిస్తాను గానీ, జంపఖానా సలహాతో కాదు. ఇప్పటికే ఒకసారి పడి చెయ్యి విరిగిన 68 ఏళ్ల మనిషి నడిచే దారిలో, అంచు లేచే గుడ్డను పరచడం ప్రమాదం. తప్పనిసరిగా పరచాలనుకుంటే కింద జారకుండా రబ్బరు జాలీ వేసి, మంచం ముందో కుర్చీ ముందో మాత్రమే పరచండి.

నా వృత్తి ఇళ్ల లోపలి వెలుతురు ఏర్పాట్లు చూడడం. ప్రశ్న చదివినప్పుడు నన్ను ఆపింది గచ్చు కాదు, చివరలో మీరు ఊరికే ప్రస్తావించిన ఆ రెండు సంగతులు. లెక్క వేసి చూడండి. హాలు గచ్చు 252 చదరపు అడుగులు. గోడలు పది అడుగుల ఎత్తు అనుకుంటే, 64 అడుగుల చుట్టుకొలతకు 640 చదరపు అడుగులు. అందులో కింది నాలుగడుగులు, అంటే తలుపులు తీసివేయకుండా చూస్తే 256 చదరపు అడుగులు, ముదురు ఆకుపచ్చ. అంటే గచ్చు ఎంత వెలుతురును మింగుతోందో, దాని చుట్టూ దాదాపు అంతే వైశాల్యమున్న ఇంకొక నల్లటి వస్తువు కూచుని అంత పనీ చేస్తోంది. గచ్చును ఎంత అరగదీసినా బూడిద రంగుకు మించి తెల్లబడదు. గోడను మాత్రం ఒక్క ఆదివారంలో తెల్లగా చేసుకోవచ్చు. ఆయిల్ పెయింటు మీద నేరుగా డిస్టెంపర్ నిలవదు. ముందు గరుకు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్ది, ప్రైమర్ ఒక పూత వేసి, దాని మీద మీగడ రంగో తెలుపో వేసుకోండి. మిద్దె దూలాలు, దంతెలు టేకువైతే వాటిని ముట్టుకోవద్దు, వాటి మధ్య పైకప్పుకు మాత్రం సున్నం కొట్టించండి.

ఇక గవాక్షం. దాన్ని పెట్టినవారు అలంకారానికి పెట్టలేదు. మందపాటి గోడలు, చిన్న కిటికీలు, నల్లటి బండలు ఉన్న ఇంట్లో పగటి వెలుతురు నడినెత్తి నుండి దిగడానికి ఉన్న దారి అదొక్కటే. నట్టింట్లో పట్టపగలు లైటు వేసుకోవలసి వస్తున్నదంటే అది మూసినందువల్లే. కారిన మాట నిజమే, కానీ దానికి మందు మూయడం కాదు. రంధ్రం చుట్టూ మిద్దె మీద ఆరంగుళాల ఎత్తు కట్ట కట్టించి, దానికి అన్ని వైపులా రెండంగుళాలు బయటికి వచ్చేలా టఫన్డ్ (గట్టిపరచిన) గాజు పలకను కాస్త వాలుగా బిగిస్తే, నీళ్లు లోపలికి రావు. కట్ట పక్కన గాలి పోయేందుకు రెండు చిన్న గొట్టాలు పెట్టించి, వాటికి దోమల జాలీ కట్టండి.

సందుల విషయంలో ఒక చిన్న హెచ్చరిక. మేస్త్రీలు తెల్ల సిమెంటు నింపుతామంటారు. బండల కొలత, 5 మిల్లీమీటర్ల సందు వేసి లెక్కగడితే, సందులన్నీ కలిపి గచ్చులో 2 శాతం కూడా కావు. అందువల్ల వెలుతురు పెరగదు. పెరిగేది గళ్లు మాత్రమే. ముదురు గచ్చు మీద తెల్లటి గళ్లు ఉంటే, చూపు తక్కువైన వారికి ఎక్కడ మెట్టు ఉందో, ఎక్కడ గీత ఉందో తేడా తెలియదు. పైగా నెల తిరిగేసరికి ఆ తెలుపు టీ రంగులోకి వస్తుంది. తెల్ల సిమెంటులో చిటికెడు నల్ల రంగు పొడి కలిపించి, అరగదీసిన బండ కన్నా ఒక్క ఛాయ మాత్రమే లేతగా ఉండేలా నింపించండి. తెలుపును గడపల అంచులకు, మెట్ల అంచులకు దాచుకోండి. కంటికి అది కావలసింది అక్కడ.

జవాబు: బండలపని

వెలుగునీడ గారు సందుల గురించి చెప్పింది నాకు తోచలేదు. ఇన్నాళ్లూ అందరికీ తెల్ల సిమెంటే నింపించాను. బండల మీదనే టైల్స్ వేయడం గురించి ఎవరూ రాయలేదు కనుక రెండు మాటలు చెబుతాను. టైలూ, దాన్ని పట్టించే జిగురూ కలిపి గచ్చు అర అంగుళానికి పైగా లేస్తుంది. తలుపులన్నీ అడుగున కోయించాలి, గడపల ఎత్తు తగ్గుతుంది, హాలుకూ వంటింటికీ మధ్య కొత్తగా ఒక చిన్న మెట్టు పుడుతుంది. మీ అమ్మగారి కాలికి తగిలేది ఆ మెట్టే.

ప్రశ్నించినవారు: పాతమిద్దె

నాలుగు నెలల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. వానలు పోయాక పని మొదలుపెట్టి దసరా ముందు రోజుకు ముగించాము.

గాదె కింద చూడమన్నారు కదా. మా ఇంట్లో గాదె లేదు గానీ, తాతగారి ఇనప్పెట్టె ఉంది. నలుగురం కలిసి దాన్ని అడుగు దూరం జరిపితే, దాని కింద బండ వాన వెలిసిన మబ్బు రంగులో ఉంది. అమ్మ నమ్మలేదు, అది వేరే రకం బండ అయి ఉంటుందని వాదించింది. పక్క బండకు ముగ్గుపిండి ముద్ద పట్టించి, మూడో రోజు గీకి చూపిస్తే ఒప్పుకుంది.

పాలిథీన్ కాగితం కింద నీటి బిందువులు రానే వచ్చాయి, వినైల్ ఆలోచన అక్కడితో ఆగిపోయింది. మొదట మాట్లాడుకున్న పాలిష్ మనిషి, చెప్పినట్టే, యాసిడ్ డబ్బా తెచ్చుకున్నాడు. వద్దంటే అలిగి వెళ్లిపోయాడు, బయానా 500 రూపాయలు తిరిగి ఇవ్వలేదు. రెండో మనిషి 220 దగ్గర ఆపమంటే నావైపు జాలిగా చూశాడు గానీ, ఆపాడు. కొట్టి చూస్తే పదకొండు బండలు బోలుగా మోగాయి. లేపినప్పుడు వాటిలో ఒక బండ రెండు ముక్కలైంది, దాన్ని అలాగే అతికించి పెట్టాము.

ఖర్చు అడిగేవారి కోసం రాస్తున్నాను. 372 చదరపు అడుగులకు మిషన్ కూలి 25 రూపాయల చొప్పున 9,300. సోడా, బ్రష్షులు, రెండు రోజుల కడుగు కూలి కలిపి 2,600. బోలు బండలను మళ్లీ కూర్చోబెట్టడం, సందులు గీకి నింపడం 5,200. రంగులు మేమే వేసుకున్నాము కనుక ప్రైమరుకూ పెయింటుకూ కలిపి 5,800. గవాక్షానికి కట్ట, గాజు కలిపి 3,800. సీలర్ 2,700. రెండు 9 వాట్ల ఎల్ఈడీ దీపాలు, వైరు 700. మొత్తం 30,100. పోయిన బయానాను ఇందులో కలపలేదు.

గచ్చు తెల్లబడిందని చెప్పను, బూడిద రంగుకు వచ్చింది. అయినా గవాక్షం తెరిచిన రోజు నట్టింట్లో మధ్యాహ్నం పన్నెండింటికి బండల మీద మడత విప్పిన తువ్వాలంత ఎండ పడింది. అమ్మ అందులో బియ్యం చేట పెట్టుకుని రాళ్లు ఏరుతూ కూర్చుంది. నీళ్లు ఒలికితే ఆ చోటు నల్లగా కనిపిస్తోంది, దూరం నుండే తెలుస్తోంది. నాకు కావలసింది అదే.

ఒక్క విషయంలో మాత్రం మాట పడ్డాను. దేవుని గదిని కూడా అరగదీయిస్తానంటే అమ్మ అడ్డం నిలబడింది. ఆ గది బండలు నల్లగా ఉంటేనే ముగ్గు తేలుతుందట. హాలులో పండుగ ముగ్గు వేసి, రెండడుగులు వెనక్కి జరిగి చూసి, "పిండి దండగ" అంది. అందుచేత ఆ గదికి నూనె గుడ్డ ఇంకా కొనసాగుతోంది. బండలపని గారూ, ఆ నూనె కాళ్లకు అంటుకుని హాలులోకి రాకుండా గడప దగ్గర ఏం చేయమంటారు?

జవాబు: బండలపని

గడపకు ఇవతల కొబ్బరిపీచు పట్టా వేసి, దాన్ని కదలకుండా బిగించండి. నూనె రుద్దిన రోజు సాయంత్రమే పొడిగుడ్డతో గట్టిగా తుడిపించండి. రాయి పీల్చుకోగలిగింది అప్పటికే పీల్చుకుని ఉంటుంది, పైన మిగిలేదే కాళ్లకు అంటుతుంది. రెండు ముక్కలైన బండ ఫొటో ఒకటి పెట్టండి, అతుకు ఎలా వచ్చిందో చూస్తాను.